అవ్వకు నయమైపోయింది

అరవై దాటాక దిద్దుకున్న అక్షరాలివి. తప్పులుంటే మన్నించండి. నా రాత నిదానం.

బోంగ్నిమ్, జొమ్‌రే అవ్వ పాదాన్ని ఒడిలో పెట్టుకుని కాలివేళ్ల సందులు తుడుస్తోంది. ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను కనిపెట్టుకునే పని ఆమెది. కూలి, ముసలివాళ్ల సాయం కోసం సర్కారు పెట్టిన బీమా సొమ్ములోంచి వస్తుంది. ఆ బీమాకు ఆమె జీతంలోనూ నెలనెలా కోత పడుతుంది. తన అత్త పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచాన ఉన్నప్పుడు ఈ బీమా లేదు. కూలీ లేదు, మెప్పూ లేదు. అప్పట్లో దుప్పట్లు పిండి పిండి వంకరపోయిన వేళ్లు ఇప్పటికీ చలికి సలుపుతాయి.

"ఈవేళ బీమా ఆఫీసు పిల్ల వస్తుందవ్వా. నీకింకా సాయం కావాలో వద్దో చూసి పోతుంది. కూర్చున్నచోటు నుంచి కదలకు."

"కదిలితే?"

"నీకు సాయం ఇప్పించే గ్రేడు పోతుంది. నేనూ పోతాను."

"పోతే పోదువులే. నీ వంటలో ఎలాగూ ఉప్పుండదు."

మొదట్లో జొమ్‌రే అవ్వ గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. బోంగ్నిమే చంకల కింద చేతులు వేసి లేపి, తిట్లు తిని, వంటింటి దాకా నడిపించింది.

మధ్యాహ్నం ఆఫీసు పిల్ల వచ్చి అవ్వ ఎదుట నేల మీద కూర్చుంది. లేవగలరా అని అడిగితే అవ్వ లేదన్నట్టు తల ఊపింది. బోంగ్నిమ్ ఊపిరి పీల్చుకుంది. అంతలోనే అవ్వ మొహం చిట్లించింది.

"ఏమే, ఇంటికొచ్చిన మనిషికి పండు ముక్కైనా పెట్టవా?"

"పెడతాను, నువ్వు కూర్చో అవ్వా!"

అప్పటికే అవ్వ గోడ పట్టుకుని లేచింది. వంటింట్లోంచి పెర్సిమన్ పండు తెచ్చి, తొక్క తెగకుండా వలిచి, మొదటి ముక్క ఆ పిల్ల చేతికిచ్చింది.

"బాగా కోలుకున్నారే!"

"కోలుకోకేం? మా పిల్ల రాక్షసి. పడుకోనివ్వదు."

బోంగ్నిమ్ వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెల్నే చప్పుడయ్యేలా మళ్లీ కడిగింది.

కొన్నాళ్లకు గ్రేడు పోయిందని కబురొచ్చింది. ఆమెను పనికి పంపే మేనేజరు ఫోనులో విసుక్కున్నాడు. "నిన్నెవరు నడిపించమన్నారు? మంచాన పడితే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చులే."

"అయితే పడమని చెప్పి రానా?"

అవతల ఫోను పెట్టేశాడు.

బోంగ్నిమ్‌ను వేరే ఊళ్లో ఒక ముసలాయన దగ్గరికి పంపారు. చలి ముదిరాక ఒక ఉదయం, అవ్వ పక్కలోనే ప్రాణం విడిచి ఉండటం పక్కింటివాళ్లు చూశారు.

వచ్చినప్పుడూ పోయేటప్పుడూ బోంగ్నిమ్ ఫోను ఆనించి హాజరు వేయించుకున్న ప్లాస్టిక్ బిళ్ల, గుమ్మం పక్క గోడకు ఇంకా అంటుకునే ఉంది. పీకితే సున్నం పెచ్చు ఊడుతుందని ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

యూ మల్సున్, డెబ్బై ఎనిమిదేళ్లు, సున్‌చన్, బస్టాండు వెనక వీధి.