చారు బాగుందన్న రోజు

మా ఆయన దామోదరానికి నోరు మంచిది కాదు. చూలై పేటలో ట్రంకుపెట్టెలు చేసే కొట్టు ఆయనది. పగలంతా రేకు మీద సుత్తి దెబ్బలు, ఇంటికొస్తే నా మీద సణుగుడు. పెళ్లయిన నాటినుంచి నా చారుకు ఒక్క మంచి మాట దక్కితే ఒట్టు.

ఆయన చక్కెర జబ్బుకు సూదిమందు మొదలుపెట్టాక, ఒంట్లో చక్కెర మరీ పడిపోతే ముందుగా చెమటలు పట్టి చేతులు వణికేవి. వెంటనే చక్కెర నీళ్లు తాగి కుదుటపడేవాడు. ఈ మధ్య ఆ చెమటా లేదు, ఆ వణుకూ లేదు. మొన్నామధ్య కొట్లో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు.

"మాటిమాటికీ చక్కెర పడిపోయి ఒళ్లు దానికి అలవాటు పడిపోయిందమ్మా. ఇంక ఆయనకు ముందుగా తెలీదు. నువ్వే కనిపెట్టుకోవాల" అన్నాడు డాక్టరు ధర్మలింగం. ఏం చూసి కనిపెట్టను? అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

నిన్న మధ్యాహ్నం ఎన్నూరు నుంచి మా ఆడబిడ్డ అమ్మణి వచ్చింది. ఆమెతో మాటల్లో పడి వడ్డన ఆలస్యం చేశాను. ఆయన పీట మీద కూర్చుని చారన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"చారు బాగుండాది, చెంగమ్మా" అన్నాడు.

అమ్మణి మురిసిపోయింది. నేను గరిటె పక్కన పడేశాను. ఆయన మొహం చూశాను. చెమట లేదు. చెయ్యి వణకడం లేదు. చూపు మాత్రం ఎటో ఉంది.

గబగబా గ్లాసెడు నీళ్లలో చక్కెర కలిపాను. అమ్మణి నా చెయ్యి పట్టేసుకుంది.

"అయ్యో సామీ! చక్కెర జబ్బోడికి చక్కెరా? నా తమ్ముణ్ణి చంపుతావా ఏంది?"

"నా చారును మెచ్చుకున్నాడు వదినా! ఆయన ఆయనగా లేడు. ఒంట్లో చక్కెర పడిపోయింది. చెయ్యి వదులు!"

విదిలించుకుని గ్లాసు ఆయన నోటికి అందించాను. "తాగండి."

"సరే" అని బుద్ధిగా తాగేశాడు. ఆ "సరే" విని అమ్మణికీ భయం పట్టుకుంది. రెండో గ్లాసు తనే కలిపి తెచ్చింది.

కాసేపటికి చూపు నిలిచింది. మూతి తుడుచుకుని నా వైపు ఉరిమి చూశాడు.

"ఏందే ఇది, అన్నం మధ్యలో పానకం పోసినావు? ఈడ చారులో ఉప్పేదీ? పులుపేదీ? ఉత్త కడుగు నీళ్లు!"

హమ్మయ్య! వచ్చేశాడు నా మొగుడు. అక్కడే కూలబడి నవ్వుతూ ఏడ్చేశాను.

అమ్మణి చారు ఒక చుక్క చేతిలో వేసుకుని చప్పరించింది. "ఉప్పు సరిగానే ఉండాది గదా?" అంది నా చెవిలో.

"లేదననీ వదినా" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "రోజూ లేదననీ."