పదమూడో గడి

“ఈ గడి ఖాళీగా ఉందండీ,” అంటూ ఆవిడ కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోసింది.

అవతల ముసలాయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టి ఒకసారి, దూరంగా పెట్టి ఒకసారి చూశాడు. ఇలా వెనక్కి తిరగడం మూడోసారి. “మాకన్నా ముందు ఆ ఇంట్లో ఎవరున్నారో నాకెలా తెలుస్తుంది తల్లీ? కుళాయి ఎండిపోయి నాలుగు రోజులైంది.”

“కనుక్కుని రాయండి. ఖాళీ ఉంటే మిషన్ తీసుకోదు.”

మిషన్ శుభ్రంగా తీసుకుంటుంది. తీసుకోనిది ఆవిడే. ఆ నీళ్ళ కనెక్షన్ల ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా దరఖాస్తులు చూసి కంప్యూటర్లో ఎక్కించడమే ఆవిడ పని. ఒక్క గడి ఖాళీగా ఉన్న కాగితం కూడా ఇంతవరకు ఆవిడ చెయ్యి దాటలేదు. అదో గొప్ప! ముసలాయన కాగితం మడుచుకుని వెళ్ళిపోయాడు.

పొట్టి మనిషి. ఎడమవైపు కాగితం పెట్టుకుని చూసి చూసి మెడ అటే వాలిపోయింది. మామూలుగా నిలబడినా పక్కవాళ్ళ మాటలు చాటుగా వింటున్నట్టు ఉంటుంది. రెండు చూపుడువేళ్ళతోనే టైపు కొడుతుంది. వాటి కొసలు అరిగి బల్లపరుపుగా తయారయ్యాయి. ఆఫీసులో అందరూ ‘రెండువేళ్ళావిడ’ అంటారు. ఎదురుగానే అంటారు. ఆవిడ నవ్వుతుంది, ఇంకేం చేస్తుంది?

పదిన్నరకి ఆఫీసరు స్వయంగా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. వెనకాల మిషన్లు చూసే అతను కొత్త ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డాడు. పలక కన్నా కాస్త మందం, అంతే.

“తక్కువ ధరలో వస్తోందమ్మా. మామూలు మనిషి రోజువారీ పనికి పనికొస్తుందో లేదో చూడాలి. ఇవాళ్టి మీ పనంతా దీనిమీదే చేసి, ఈ ఫారం నింపి ఇవ్వండి. మీ అభిప్రాయం కావాలి.”

అభిప్రాయం! కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు. చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. పక్క బల్లల దగ్గర ఇద్దరు గుమాస్తాలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు.

అసలు సంగతి వాళ్ళకీ తెలియదు. కొత్త మిషన్లు వస్తే ఆ గదిలో ముగ్గురి పనికి ఒక్కరు చాలరా అన్నది పైవాళ్ళ ఆలోచన. చురుకైనవాళ్ళ చేత చేయించి చూస్తే రేపెవరైనా వేలెత్తి చూపిస్తారు. అందరికన్నా నెమ్మది మనిషి చేత చేయిస్తే ఇక నోరెత్తేవాడుండడు. అందుకే వెతికి వెతికి ఆవిణ్ణి పట్టుకున్నారు. ఇదంతా ఆ గదిలో తెలిసింది మిషన్లు చూసే అతనొక్కడికే. నోరు మెదిపితే నీ ఉద్యోగం ముందు పోతుందని అతనికి చెప్పే ఉంచారు.

ఆవిడకి ఆ ఉద్యోగం పోతే మిగిలేది అన్నయ్య ఇల్లు. హాల్లో తలుపు వెనక మడత మంచం, గోడ మేకుకి సంచి. “పగలు ఇంట్లో ఉండదు కాబట్టి సరిపోయింది గానీ,” అని వదిన వచ్చినవాళ్ళందరితో అంటుంది, ఆవిడకి వినపడేలాగే. అన్నయ్య పేపరు పేజీ తిప్పుతాడు. ఆ ఇంట్లో ఆవిడ బతుకు ఆ ‘పగలు ఉండదు’ అన్న మాటమీదే నిలబడి ఉంది.

ల్యాప్‌టాప్ మూత ఒంటి చేత్తో తీయబోతే కింది భాగం కూడా పైకి లేచింది. రెండో చేత్తో నొక్కిపట్టాలి. రాసుకుంది. మీట నొక్కి లెక్కపెట్టింది: పన్నెండు అనేసరికి తెర వెలిగింది. పాత మిషన్ వెలిగేలోపు టీ తాగి, గ్లాసు కడిగి పెట్టుకునేది. రాసుకుంది. కీలు లోతులేవు, చప్పుడు లేదు. నొక్కానో లేదో తెలియక మొదట్లో ఒక్కో అక్షరం రెండేసిసార్లు పడింది. పది దరఖాస్తులయ్యాక వేళ్ళకి అలవాటైంది. కిటికీ వెలుతురు తెరమీద పడి ఆవిడ మొహం ఆవిడకే కనపడుతోంది. బల్ల అటు తిప్పుకుంది, అదీ రాసుకుంది. ఎడం మణికట్టు కింద వెచ్చబడుతోంది, కాలేంత కాదు. పొద్దున పెట్టిన ఛార్జింగు సాయంత్రం దాకా ఆగింది. ఒంటి చేత్తో ఎత్తి చూసింది. ‘చవకదే గానీ చూడ్డానికి చవకగా లేదు’ అని రాసి, ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. అబ్బో, మురిసిపోయింది!

పాత మిషన్‌లో పేజీ పేజీకీ ఓ చక్రం గిర్రున తిరిగేది. ఇరవై ఆరేళ్ళూ దాన్ని తిట్టుకుంటూనే ఉంది. తన ఉద్యోగాన్ని కాపాడుతోంది ఆ చక్రమేనని పిచ్చి మనిషికి తెలియదు. కొత్తదాంట్లో చక్రం లేదు. రెండు కొట్టేసరికి ముప్పై ఎనిమిది దరఖాస్తులూ అయిపోయాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని గడియారం వంక చూస్తూ కూర్చుంది.

నాలుగింటికి ఫారం తీసింది. పదమూడో గడి: రోజు పని ఎన్నింటికి పూర్తయింది?

మిషన్లు చూసే అతను తీగ సర్దుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. “అక్కా, పదమూడు వదిలేయండి.”

“ఎందుకు?”

“ఊరికే. లేకపోతే ఐదని రాసేయండి. మీ మంచికే చెప్తున్నా.”

“బాగానే చెప్పావు తమ్ముడూ! అబద్ధం ఎలా రాస్తాను? పోనీ వదిలేద్దామంటే, ఖాళీ గడితో కాగితం నా చేతిమీదుగా పోవడమా?”

పొద్దున ముసలాయనకి చెప్పింది ఆవిడ దృష్టిలో అబద్ధం కాదు, పద్ధతి. అతను ఇంకేదో అనబోయాడు. పక్క బల్లవాడు ఇటు తిరగడంతో లేచి వెళ్ళిపోయాడు.

‘రెండింటికి. తర్వాత రెండు గంటలు ఊరికే కూర్చున్నాను,’ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ రెండో ముక్క ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. గడిలో ఇంకా చోటుంది మరి.

ఆఫీసరు పదమూడో గడి దగ్గర ఆగాడు. “ఎంత వివరంగా రాశారమ్మా! ఇంత నిజాయితీగా ఎవరు రాస్తారీ రోజుల్లో?” అన్నాడు. ఆవిడ బస్సులో నిలబడే నవ్వుకుంటూ ఇల్లు చేరింది.

అన్నం దగ్గర ఉండబట్టలేక చెప్పేసింది. పని రెండింటికే అయిపోయిందనీ, ఆఫీసరు మెచ్చుకున్నాడనీ.

వదిన గరిట గిన్నెలో పెట్టి, “అంత తొందరగా అయిపోతే ఇక నీతో వాళ్ళకేం పని?” అంది.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అన్నయ్య పేపరు పేజీ తిప్పాడు.

మర్నాడు ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళి నిలబడింది. ఆఫీసరు రాగానే వెనకాలే గదిలోకి నడిచింది. “ఆ ఫారం ఒక్కసారి ఇప్పించండి సార్. ఒక గడి దిద్దాలి.”

“దిద్దిన కాగితం చెల్లదమ్మా,” అన్నాడాయన. “ఆ సంగతి మీకన్నా బాగా ఎవరికి తెలుసు?”

ఎవరికి తెలుసు! ఎంతమందితో అనలేదు ఆ మాట! “అలాగే సార్,” అంది.

మూడు వారాలకి ఉత్తర్వు వచ్చింది. ఒక గుమాస్తాని వేరే గదికి వేశారు, ఒకామెని ఉంచారు. ఆవిణ్ణి పొమ్మన్నారు. ఐదింటికి సంచి తగిలించుకుని “వస్తానండీ” అంది గదితో. ఎవరూ తలెత్తలేదు, కొత్త మిషన్లు వచ్చిన హడావిడిలో ఉన్నారు. వదినకి చెప్పలేదు. ఇప్పటికీ పొద్దున్నే క్యారేజీ కట్టుకుని బయల్దేరి, సాయంత్రం దాకా ఊరవతల బస్‌స్టాపులో కూర్చుంటోంది. మిషన్లు చూసే అతను ఒకసారి చూశాడు. తల తిప్పుకుని రోడ్డు దాటేశాడు.

ఆవిడ వెళ్ళిపోయాక గదిలోవాళ్ళు ఆవిడ సొరుగు ఖాళీ చేస్తుంటే, కొత్త ల్యాప్‌టాప్ మూతకీ కీలకీ మధ్య పెట్టి పంపే పల్చటి తెల్ల స్పాంజి పొర ఒకటి దొరికింది. నలగకుండా నాలుగు మడతలు పెట్టి, ‘ల్యాప్‌టాప్‌తో పాటు తిరిగి ఇవ్వవలెను’ అని ఆవిడ గుండ్రటి అక్షరాలతో చీటీ గుచ్చి ఉంది. ఇప్పుడది ఆ బల్లమీదే ఉంది. గ్లాసు కింద వేసుకుంటున్నారు. మధ్యలో గుండ్రంగా టీ మరక పడింది.