ఫుల్‌స్టాప్ దాకా

"రేవు శాఖ మంత్రి కామా కార్మికుల ప్రతినిధులతో నిన్న సమావేశమయ్యారు ఫుల్‌స్టాప్" అని ఒతీలియా చదువుతోంది. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. ఎడమచేతిలో విలేఖరి రాసిచ్చిన కాపీ, కుడిచేతి కింద ఇత్తడి స్కేలు. స్కేలు ప్రూఫు మీద ఒక్కో వరుసా కిందికి దిగుతోంది. పక్కన ఎవారిస్తో బిదెగైన్ గారు పెన్సిలు పట్టుకుని, మెడ వంచి, ప్రూఫులోకి చూస్తున్నట్టు కూర్చున్నారు.

చూస్తున్నట్టు మాత్రమే. ఏడాదిన్నరగా ఆయనకు అక్షరాలు కనపడవు. మనుషులు కనిపిస్తారు, కిటికీ కనిపిస్తుంది, వాన వస్తే అదీ తెలుస్తుంది. ప్రూఫు మాత్రం బూడిద పులిమిన కాగితంలా ఉంటుందట. ఒకరు కామాలూ ఫుల్‌స్టాపులతో సహా కాపీ పైకి చదవడం, ఇంకొకరు ప్రూఫు దిద్దడం ఆ గది పద్ధతి. ఇప్పుడు ఈ బల్ల దగ్గర రెండు పనులూ ఒతీలియావే. తప్పు కనపడిన చోట స్కేలు ఆపి, ఆ మాటను అక్షరం అక్షరంగా చదువుతుంది. ఆయన స్కేలు కొసను వేలితో తడుముకుని అంచులో దిద్దుబాటు రాస్తారు. పైన అక్షరాలు పోతపోసే లైనోటైపు యంత్రం వాళ్లకు గానీ, పక్క బల్లల వాళ్లకు గానీ ఈ సంగతి తెలియదు. కనీసం తెలియదని ఒతీలియా నమ్మకం.

పొద్దున్నుంచి ఆమె ఆరుసార్లు కుర్చీలోంచి లేచింది. కిటికీ మూయడానికి ఒకసారి, తెరవడానికి ఒకసారి, మిగతావన్నీ గడియారం చూడటానికి. గడియారం ఆమె కూర్చున్న చోటికీ కనిపిస్తుంది. అయినా లేచింది.

నిన్న గోడకి కాగితం అంటించారు. సోమవారం నుంచి బల్లకి ఒక్కరే. ఎవరుండాలో తేల్చడానికి కొత్త మేనేజరు సొలారి ఇవాళ పదింటికి వచ్చి ప్రతి బల్ల దగ్గరా నిలబడి చూస్తాడు. ఈ మొంతెవిదెయో నగరంలో ఒకప్పుడు పార్టీకో పేపరు, పార్టీలో జట్టుకో పేపరు ఉండేవి. పొద్దున అమ్మేవి కొన్ని, సాయంత్రం అమ్మేవి కొన్ని. మనుషుల కంటే పేపర్లే ఎక్కువని కాఫీ హోటళ్లలో ఎగతాళి చేసుకునేవారు. అవన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈ సాయంత్రం పేపరు ఇంకా బతికి ఉందంటే చావు ప్రకటనల వల్లే. ఊళ్లో ఎవరు పోయారో చూడందే ఇక్కడ ఎవరికీ సాయంత్రం గడవదు.

ఒతీలియాను ఉంచితే బిదెగైన్ గారు పోతారు. ముప్పై ఏళ్ల సర్వీసుకి ఆయనకింకా నాలుగు నెలలు తక్కువ. అది నిండకపోతే పూర్తి పింఛను రాదు. ఆయన్ని ఉంచితే సోమవారం పది గంటలకల్లా గుట్టు బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాత్రంతా ఆలోచించినా మూడో దారి కనపడలేదామెకు.

సెలవు పెట్టిన పినతల్లి కూతురి బదులు మూడు నెలలు పనిచేయడానికి ముప్పై మూడో ఏట వచ్చిందీ గదికి. పందొమ్మిదేళ్లయింది. యుద్ధాలూ ఎన్నికలూ ఫుట్‌బాలూ రేవులోకి వచ్చే ఓడల వేళలూ అన్నీ ఈ మనిషి చెవిలోనే చదివింది. కూరల కొట్లో "అరకిలో ఉల్లిపాయలు కామా" అని నవ్వులపాలైంది. గడియారాలు బాగుచేసే ఒకతను రెండేళ్లు ఆదివారాలు నది ఒడ్డున ఆమెతో నడిచాడు. నీతో మాట్లాడితే ఇక పేపరు కొనక్కర్లేదు అన్నాడు ఒకరోజు. మెచ్చుకోలుగానే అన్నాడేమో గానీ ఆమెకు ఎత్తిపొడుపుగా తోచి, మళ్లీ ఆదివారం నడకకు వెళ్లలేదు. ఇంట్లో అక్క బ్లాంకా దెప్పుతుంది, మాటలన్నీ ఆ బిదెగైన్ చెవుల్లో ఒలకబోసి ఖాళీగా ఇంటికి వస్తావే అని.

ఒతీలియాకు ఆయనంటే ఇష్టం. ఆ మాట తనకు తాను ఎప్పుడో ఒప్పుకుంది. ఆయనతో అనలేదు. ఆరేళ్ల కిందట ఆయన భార్య పోయినప్పుడు ఆ ప్రకటన కూడా ఈ బల్ల మీదికే వచ్చింది. ఆమె చదివింది, ఆయన దిద్దారు. వాక్యం మధ్యలో ఆగకూడదన్నది ఆ గదిలో మొదట నేర్పే పాఠం. ఆగితే దిద్దేవాడు వరుస తప్పుతాడు. ఆ రోజూ ఆగలేదు.

తొమ్మిదింటికి బిదెగైన్ గారు పెన్సిలు కింద పెట్టి లేచారు. తినడానికి ఏమైనా తెస్తానన్నారు. రోజూ వెళ్లేది ఒతీలియా.

"వాన పడుతోందండీ. నేను వెళ్లొస్తాను."

"పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నావు. ఓ చోట కూర్చో. మెట్లు ముప్పై రెండు, నాకు తెలుసులే."

ఆయన కోటు తొడుక్కుని వెళ్లారు. ఆమె ఓడల వేళల ప్రూఫు ఒక్కతే చూసింది. తొమ్మిదిన్నర అయింది. బ్రెడ్ల దుకాణం వీధి మలుపులోనే ఉంది. ముప్పావు దాటింది. మెట్ల మీద పడ్డారేమోనని తలుపు దాకా వెళ్లి వంగి చూసింది. మెట్లు తడిగా, ఖాళీగా ఉన్నాయి.

పదింటికి సొలారి వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. బిదెగైన్ ఏరీ అని అడిగాడు. కాపీలో అనుమానం ఉంటే పైన లైనోటైపు దగ్గరికి వెళ్లారని చెప్పింది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే వింతగా ఉంది. ఇంతలో పై అంతస్తు నుంచి ప్రూఫులు దించే రేకు పెట్టె తాడు మీద గడగడా దిగింది. ఆయన వచ్చేలోగా చదవండి, మీ పద్ధతి నేనూ చూస్తాను అన్నాడు సొలారి.

పైనున్న ప్రూఫు చిన్నది. దానికి కాపీ జతచేయలేదు. ఏదో ప్రకటన అనుకుని ప్రూఫులోంచే అందుకుంది.

"మేనేజరు గారికి కామా ఎవారిస్తో బిదెగైన్ రాయించునది ఫుల్‌స్టాప్ పోయిన ఏడాది ఫిబ్రవరి నుంచి కామా నాకు అక్షరాలు కనపడటం లేదు ఫుల్‌స్టాప్"

 అక్కడ ఆగి ఉండవచ్చు. సొలారి ఊఁ అన్నాడు, తరవాత అన్నట్టు. పందొమ్మిదేళ్లుగా బిదెగైన్ గారి నోట అలాంటి ఊఁ వినగానే కదిలిన నాలుక అది.

"అప్పటి నుంచి మన పేపర్లో తప్పు పోలేదంటే అది నా పక్కన కూర్చునే మనిషి పని ఫుల్‌స్టాప్ ఆవిడ ఒక కన్ను కాపీ మీద కామా ఒక కన్ను ప్రూఫు మీద పెట్టి చదువుతుంది ఫుల్‌స్టాప్ ఆ కుర్చీ ఆవిడది ఫుల్‌స్టాప్ నాలుగు నెలల కోసం రోజూ ఆవిడ చేత అబద్ధం ఆడించలేను ఫుల్‌స్టాప్ కొత్త పేరా ఒతీలియా కామా నువ్వు ఆగకు ఫుల్‌స్టాప్ చావు ప్రకటనలు పదకొండున్నరకి పోవాలి ఫుల్‌స్టాప్"

పక్క బల్లల వాళ్లు చదవడం మానేశారు. ఆమె చెంపల మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి గానీ గొంతు వణకలేదు. వణకడం దానికి అలవాటు లేదు. సొలారి ఆ ప్రూఫును మడిచి జేబులో పెట్టుకున్నాడు. 

"సోమవారం నుంచి ఆ కుర్చీలో కూర్చోండి" అన్నాడు.

"మరి ఆయన నాలుగు నెలలు?"

"ఆయనే వదులుకుని వెళ్లారు కదమ్మా."

పెట్టెలో చావు ప్రకటనలు ముప్పై ఒకటి ఉన్నాయి. వెళ్లి ఆయన్ని వెతకాలని కాళ్లు లాగుతున్నాయి. కళ్లు తుడుచుకుని మొదటిది అందుకుంది. మనసులో చదువుకోవచ్చు, వినేవాళ్లు లేరు. నోరు ఊరుకోలేదు. పేరు పేరునా కామాలతో సహా గట్టిగా చదువుతూ తనే దిద్దింది. ఒక విధవరాలి ఇంటిపేరులోనూ, ఒక అంత్యక్రియల వేళలోనూ తప్పులు దొరికాయి. పదకొండూ ఇరవై ఐదుకి ఆఖరి ప్రూఫు పెట్టెలో వేసి తాడు లాగి, మెట్లెక్కి పైకి పరుగెత్తింది.

లైనోటైపు దగ్గర బాతిస్తా సీసం అంటిన చేతులు తుడుచుకుంటున్నాడు. బిదెగైన్ ఏడింటికి, నువ్వు రాకముందే, వచ్చి ఆ ఉత్తరం చెప్పి కొట్టించుకున్నాడన్నాడు. పది దాకా దించొద్దన్నాడట.

"వెళ్లేముందు పైకొచ్చి అందరి చేతులూ పట్టుకుని మరీ వెళ్లాడమ్మా. నీకు చెప్పలేదా?"

ఆమె వానలో బ్రెడ్ల దుకాణం దాకా వెళ్లింది. బిదెగైన్ ఇవాళ ఇటు రానే లేదంది దుకాణం ఆవిడ. బస్సులు ఆగే స్తంభం దగ్గర రెండు బస్సులు వచ్చి వెళ్లేవరకూ నిలబడింది. ఆయన ఇంటికి ఏ బస్సు వెళుతుందో కూడా తనకు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

తిరిగి వచ్చేసరికి కింద యంత్రం మొదలైంది. నేల సన్నగా అదురుతోంది. సాయంత్రం పేపర్లమ్మే కుర్రాళ్ల కేకలతో పాటు ఆ ముప్పై ఒక్క పేర్లూ ఊరంతా తిరుగుతాయి. గదిలో అందరూ భోజనానికి వెళ్లారు. ఒతీలియా తన పాత కుర్చీలోనే కూర్చుంది. పక్క కుర్చీ వీపున చొక్కాకి సిరా అంటకుండా బిదెగైన్ గారు తొడుక్కునే నల్లగుడ్డ మోచేతి తొడుగులు వేలాడుతున్నాయి. ఎడమది తిన్నగా జారి ఉంది. కుడిది బల్లకి ఆనిన చేతిలాగే మోచేయి దగ్గర ఇంకా వంగి ఉంది.