పరీక్షల బండి ఎక్కిన కండక్టరమ్మ

కండక్టరమ్మ ఉద్యోగం నుంచి దిగి పదేళ్లు దాటినా ఆవిడ గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. వంటింట్లో నిలబడి ఏదైనా అడిగితే మూడో అంతస్తు వాళ్లు జవాబు చెప్పేవారు. అలాంటి మనిషి, రొమ్ము క్యాన్సర్ పరీక్షల బండి అపార్టుమెంటు ముందు ఆగిన రోజున కిక్కురుమనలేదు.

కోడలు వదిలితేగా! "అత్తయ్యా, కాసేపటి పని. వెళ్లి వచ్చేయండి."

"డెబ్బై దాటాక నాకెందుకే? అవన్నీ వయసులో ఉన్నవాళ్లకి."

"వయసు పెరిగేకొద్దీ ఇంకా జాగ్రత్తగా ఉండాలన్నారు డాక్టరుగారు."

"నొప్పి లేదు, గడ్డ లేదు. ఊరుకున్నదాన్ని కెలకడమెందుకు?"

"ఏమీ తెలియనప్పుడే చూపించుకోవాలట."

"లోపల మగవాడుంటేనో?"

"అందరూ ఆడవాళ్లే. కనుక్కునే వచ్చాను."

సాకులు నిండుకున్నాయి. కండక్టరమ్మ స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకుంది.

అంతలో ఎదురింటి సంగీతం టీచరు వచ్చింది. బట్టల తీగ దగ్గర మొదలైన తగవు వాళ్లిద్దరి మధ్య ఇరవై ఏళ్లుగా పచ్చగా ఉంది. "ఇంకా వెళ్లలేదా మీ అత్తగారు? నేను పోయినసారే చేయించుకున్నానమ్మా. మంచం మీద పడుకోబెడతారు, గొట్టం పెట్టి చూస్తారు, లేవమంటారు. అంతే! పాపం, ఆవిడకి భయమేమో."

'పాపం' అన్న మాట తలుపు సందులోంచి దూరి సూటిగా తగిలింది. గడియ ఠపీమని ఊడింది. కండక్టరమ్మ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగింది.

బండి లోపల మంచం కనపడలేదు. నిలువెత్తు మిషను ఒకటుంది.

"మంచమేదమ్మా?"

"మంచం ఉండదమ్మా, నిలబడే తీస్తాం. కాస్త ముందుకు జరగండి," అంది మిషనమ్మాయి. "ఇంకొంచెం ముందుకు. ఇంకా చోటుందమ్మా, జరగండి."

ముప్పై ఏళ్లు బస్సులో జనాన్ని ఇదే మాటతో వాయించిన మనిషి బుద్ధిగా ముందుకు జరిగింది. రెండు పలకలు దగ్గరికొచ్చి నొక్కాయి. కండక్టరమ్మ పెట్టిన కేకకి గేటు దగ్గరి వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అతను వచ్చేసరికి నొప్పీ పోయింది, పరీక్షా అయిపోయింది.

బయటికి రాగానే ఆవిడ తిన్నగా, తన వెనకే దిగొచ్చి గేటు పక్క బల్ల మీద కూర్చున్న టీచరు దగ్గరికి వెళ్లింది. "ఏమండీ, మంచం ఎక్కడుందండీ?"

టీచరు మొహం పాలిపోయింది. చివరికి, "పోయినసారి బండి మెట్ల దాకా వెళ్లాను. పొయ్యి మీద పాలు మర్చిపోయానని చెప్పి పారిపోయి వచ్చాను," అంది. "మా అక్క దీంతోనే పోయింది. నాకూ ఉందంటారేమోనని..."

ఆ అపార్టుమెంటులో కండక్టరమ్మ మెల్లగా మాట్లాడింది ఆ ఒక్కసారే. "ఉందంటే వైద్యం చేస్తారు. లేదంటే మనం హాయిగా పోట్లాడుకుందాం. మీరొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను." టీచరు చెయ్యి పట్టుకుని లేపింది. మరుక్షణం పాత గొంతు లేచింది. "ఎక్కండి, ఎక్కండి! లోపలంతా ఖాళీయే!"

కండక్టరమ్మకి ఏమీ లేదని తేలింది. టీచరుకి మాత్రం నువ్వుగింజంత మచ్చ కనపడింది. తొందరగా దొరికింది కాబట్టి చిన్న ఆపరేషనుతో పోయిందన్నారు డాక్టర్లు. టీచరు ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ కండక్టరమ్మ తోడు వెళ్లి, లిఫ్టు దగ్గర జనాన్ని అదిలించి దారి చేసింది.

కోలుకున్నాక టీచరు ఇల్లిల్లూ తిరిగి, పరీక్షకి తనే ధైర్యంగా ముందు వెళ్లాననీ, కండక్టరమ్మని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాననీ చెప్పుకుంది. కండక్టరమ్మకి ఒళ్లు మండిపోయింది. కానీ ఆ కబుర్లు విని రెండో అంతస్తు బామ్మా, ఆవిడ చెల్లెలూ పరీక్షకి బయల్దేరారని కోడలు చెప్పడంతో, పళ్లు కొరుక్కుంటూ ఊరుకుంది.