సొట్ట లేని గుండిగ

సొట్టల పిన్ని అంటే చాలు, ఆ వీధిలో ఎవరైనా గిన్నెలు అద్దెకిచ్చే కొట్టు చూపిస్తారు. గుండిగలు, గంగాళాలు, డేగిసాలు, బిందెలు, బేసిన్లు, నీళ్ల పీపాలు, చెంబులు, అన్నీ కలిపి వందల్లో ఉంటాయి గానీ ఒక్కదాని మీదా పేరు ఉండదు. "పేరు గీకి చెరిపేస్తారు. సొట్టనెవరు చెరుపుతారు?" అంటుంది పిన్ని. మూతి దగ్గర నొక్కు ఉంటే పెద్ద డేగిసా, చెవి వంకరైతే చిన్న గంగాళం. తిరిగొచ్చిన ప్రతిదాన్నీ తడిమి చూస్తే గానీ గడప దాటనివ్వదు. తన నీడ వెనకే వస్తున్నా ఎందుకొస్తోందని ఆరా తీసే రకం.

విందులకి వండే వంటమాస్టరు ఒకడు తెచ్చినవి మాత్రం తడమడం మానేసి పదేళ్లయింది. వాడు సొంతింట్లోకి వచ్చినట్టు వచ్చి, కావలసినవి తనే దింపుకుని వెళ్లేవాడు.

ఆ ఉదయం ఆటో అతను మాస్టరు పంపిన సామాను దింపిపోయాడు. అందులో పెద్ద ఇత్తడి గుండిగ ధగధగ మెరుస్తోంది. ఆ మెరుపే పిన్నికి నచ్చలేదు. అద్దెకెళ్లిన గిన్నె మసి పట్టి రావాలి గానీ ఈ ముస్తాబేమిటి? గుండిగ పొట్ట మీద చెయ్యి పెట్టింది. చుట్టూ తిరిగి మళ్లీ తడిమింది. అరచెయ్యంత సొట్ట ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

ఆ సొట్ట ఆమె భర్త చేసింది. కొట్టు తెరిచిన రోజున కొత్త గుండిగను గొప్పగా భుజానికెత్తుకుని, గుమ్మానికి కొట్టేశాడు. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆయన పోయి ఆరేళ్లయింది.

"మార్చేశాడు!" అనుకుంది పిన్ని. ఎత్తి చూస్తే తేలిగ్గా అనిపించింది. వేలితో కొడితే మోత కూడా పరాయిదానిలా వినిపించింది. ఒకసారి అనుమానం పట్టుకున్నాక ఇత్తడేం చేస్తుంది పాపం!

మాస్టరుకే ఫోన్ చేసి అడగొచ్చుగా? అడగలేదు. దొంగ ఒప్పుకుంటాడా అని ఆమె వాదన. ఆదివారం వాడు సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద విందు ఉంది. మూడు నెలలుగా దాన్నే కలవరిస్తున్నాడు. పిన్ని ఆ విందు చేయిస్తున్న ఇంటావిడకి ఫోన్ చేసింది. "వదినా, నేనన్నానని కాదు గానీ, వాడికి చేతివాటం ఉంది. ఇత్తడీ వెండీ జాగ్రత్త" అని పెట్టేసింది. అప్పుడు గానీ ఆమె కడుపుమంట చల్లారలేదు.

మధ్యాహ్నం గిన్నెలు బాగుచేసే తాత వచ్చాడు.

"ఏమ్మా, పని నచ్చిందా? ఆ సొట్ట లేపడానికి రెండు రోజులు పట్టింది. మీ మాస్టరు పక్కనే కూర్చుని, మా పిన్ని గుండిగ, గీత పడకూడదు అంటూ నా ప్రాణం తోడేశాడు. ముందే చెబితే మజా ఉండదట, నువ్వే చూసి సంబరపడాలట!"

పిన్ని పీపా మీద కూలబడింది. ఆ సొట్టంటే తనకి ప్రాణమని వాడికెలా తెలుస్తుంది? తనెప్పుడైనా చెప్పి ఏడిస్తేగా! భర్త గుర్తు పోయినందుకు ఏడవాలో, తను చేసిన పనికి చెంపలు వాయించుకోవాలో తెలియలేదు. వెంటనే ఆ ఇంటావిడకి ఫోన్ చేసి తప్పంతా తనదేనని చెప్పింది.

"అయ్యో, వేరే ఆయనకి మాటిచ్చేశాం వదినా" అందావిడ.

సాయంత్రం మాస్టరు వచ్చాడు. మొహంలో కళ లేదు.

"విందు పోయింది పిన్నీ. నేను దొంగనని ఎవరో చెప్పారట." అంతలో గుండిగ కనబడి కాస్త నవ్వాడు. "ఎలా ఉంది? నచ్చిందా నీకు?"

"ఆ చెప్పింది నేనేరా" అంది పిన్ని. మొదలుపెట్టాక దేన్నీ దాచలేదు.

వాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పది రోజులకి ఏదో చిన్న విందుకని గిన్నెల కోసం వచ్చాడు. పిన్ని ప్రాణం లేచొచ్చింది. "రారా, నీకేం కావాలో దింపుకో" అని తలుపు బార్లా తీసింది. వాడు గడప బయటే నిలబడ్డాడు. ఆమె తెచ్చిచ్చిన డేగిసాను అటూ ఇటూ తిప్పి, మూతి దగ్గర నొక్కు మీద వేలు పెట్టి చూపించాడు.

"సొట్ట ఇక్కడుంది. చూసుకోండమ్మా" అన్నాడు.