బెన్హర్ అమర్చిన పాయింట్లు

బెన్హర్ చనిపోయిన రోజు పొద్దున కూడా జీపు బానెట్ ఎత్తే ఉంది. వాళ్ల నాన్న కాలంనాటి పెట్రోలు జీపు అది. మైపాడు ఉప్పుగాలికి ఏ ఇనుమూ నిలవదు. అందుకని బెన్హర్ రోజూ బండి తీసే ముందు ఇంజన్ పక్కనుండే డెల్కో డబ్బా మూత విప్పి, లోపలున్న పాయింట్లను ఉప్పుకాగితంతో రుద్ది, మధ్యలో బ్లేడు ముక్క పెట్టి సందు సరిచేసుకునేవాడు. పాయింట్లంటే తాకుతూ విడిపోతూ ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే రెండు చిన్న లోహపు ముక్కలు. వాటి మీద చెమ్మ పట్టిందంటే బండి కదలదు.

ఆ రోజు పని ముగించి మూత బిగించాడు. చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, "అమ్మా, గుండెల్లో పట్టేసినట్టుండాది, కాసిన్ని నీళ్లియ్యి" అన్నాడు. గ్లాసు అందుకోకముందే గోడ వెంట కిందికి జారిపోయాడు. పక్కింటి పెంచల్ అదే జీపులో అతన్ని నెల్లూరు తీసుకుపోయాడు. జీపు దారిలో ఎక్కడా ఆగలేదు. కానీ ఇందుకూరుపేట దాటేసరికే రెజీనా ఒడిలో భర్త తల బరువెక్కిపోయింది.

సమాధుల తోటలో మట్టి ఆరకముందే చేపలమ్మే ఆడవాళ్లు ఇంటికొచ్చారు. పరామర్శకే వచ్చారు గానీ వెళ్లేముందు వాళ్లలో మస్తానమ్మ గుమ్మంలో ఆగింది.

"ఈ మాట ఇప్పుడడగొచ్చో లేదో నాకు తెలీదు రెజీనా. బస్సులో గంపలు ఎక్కనియ్యరు. ఆటోవాళ్లు వాసనంటారు. బెన్హర్ ఒక్కడే మమ్మల్ని మార్కెట్టుకు చేర్చేవోడు. నీకు బండి తోలడం వచ్చు గదా?"

వచ్చు. పెళ్లైన కొత్తలో, అలలు వెనక్కి తగ్గిన గట్టి ఇసుకలో బెన్హరే నేర్పించాడు. రెజీనా తలూపింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది కూడా.

మొదట్లో బండి బాగానే నడిచింది. తర్వాత తర్వాత మొరాయించడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గేది, బ్రేకు వేస్తే ఆగిపోయేది. పాయింట్లు రుద్దాలని రెజీనాకు తెలుసు, ఎలాగో తెలియదు. ఒకరోజు ధైర్యం చేసి డెల్కో మూత విప్పింది. అత్త రెబెక్కమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"దాన్ని తాకబాక."

"రుద్దకపోతే నడవదత్తా."

"నడిచినంతవరకు నడవనీ. నా బిడ్డ చివరగా చేసిన పని అది. వాడి వేలు ఆడ ఆగింది. వాడు పెట్టింది పెట్టినట్టు ఉండనీ తల్లీ."

రెజీనాకూ మనసులో ఎక్కడో అలాగే ఉంది. మూత మళ్లీ బిగించేసింది.

తుపాను ముసురు పట్టిన రోజుల్లో అది జరిగింది. వెనక వంజరం చేపల ట్రేలతో, నలుగురు ఆడవాళ్లతో నెల్లూరు వెళ్తుంటే వరిపొలాల మధ్య జీపు ఒక్క కుదుపు కుదిపి నిలిచిపోయింది. రెజీనా ఎంత తిప్పినా సెల్ఫు మూలిగిందే గానీ ఇంజన్ అందుకోలేదు. చివరికి సెల్ఫు కూడా నోరు మూసుకుంది. అటుగా వచ్చిన ఆటోలు ట్రేలు చూసి పక్కనుంచి వెళ్లిపోయాయి. ముసురు తెరిపిచ్చి ఎండ కాసింది. ట్రేల కిందనుంచి ఐసు నీళ్లు కారి రోడ్డు మీద చారికలు కట్టాయి.

ఎవరూ రెజీనాను ఒక్క మాట అనలేదు. మస్తానమ్మ ఒక చేప మొప్ప ఎత్తి చూసి, మెల్లగా దించింది.

"ఇంక ఇవి ఎండేసుకోవాల్సిందే. పోనీలేమ్మా. సముద్రం యాడికి పోద్ది, రేపూ చేపలిస్తాది."

తిట్టి ఉంటే ఓర్చుకునేది. ఆ జాలి మాటకు రెజీనా స్టీరింగు మీద తల వాల్చి, భర్త పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

ఇందుకూరుపేటలో షెడ్డు నడిపే మాల్యాద్రి వచ్చి జీపును తాడు కట్టి లాక్కెళ్లాడు. బెన్హర్‌కు చిన్ననాటి స్నేహితుడు. సంగతి తెలిసి రెబెక్కమ్మ కూడా ఆటోలో షెడ్డుకు వచ్చింది. మాల్యాద్రి మూత విప్పి చూపించాడు. పాయింట్ల మొనలు నల్లగా మాడి, గుంటలు పడి ఉన్నాయి.

"వదినా, మూడు దార్లుండాయి" అన్నాడు. "ఒకటి, కొత్త పాయింట్లు ఏస్తా. కానీ ఇప్పుడొచ్చే సరుకు మునుపటి మాదిరి కాదు, తొందరగా అరిగిపోతాది. రోజూ రుద్దుకోవాల్సిందే. రెండు, డెల్కో మొత్తం తీసేసి కొత్త రకం ఎలక్ట్రానిక్‌ది పెట్టొచ్చు. బండి పూలరథంలా పోతాది. చెడిపోతే మాత్రం ఈ చుట్టుపక్కల బాగుచేసేవోడు లేడు."

"మూడోది?"

"డెల్కో ఇదే ఉంటాది. లోపల పాయింట్లు తీసేసి, ఆడ చిన్న ఎలక్ట్రానిక్ బిళ్ల పెడతా. రెండు వైర్లు కాయిల్‌కి కలిపితే సరి. తాకేది లేదు, అరిగేది లేదు, ఉప్పుగాలికి భయం లేదు. ఎప్పుడైనా దారిలో అది పోతే, పాత రకం పాయింట్లు మళ్లీ బిగించుకోని ఇల్లు చేరొచ్చు. అది నీకు నేర్పిస్తా."

"మూడోదే చెయ్యి" అంది రెజీనా.

"వద్దు." ఆ మాట రెబెక్కమ్మది. స్టూలు మీదనుంచి లేచి వచ్చి బానెట్ కింద అడ్డంగా నిలబడింది. "ఆ రోజు నా బిడ్డను తీసుకుపోతుంటే ఈ బండి ఒక్కచోట ఆగిందా? వాడు అంత బాగా పెట్టినాడు గాబట్టి ఆగలా. మీరిద్దరూ కలిసి దాన్ని పీకి పారేస్తారా? వాడి సొక్కాలు ఇచ్చేసినాం, సెప్పులు ఇచ్చేసినాం. ఇంకేం మిగిలింది నాకు?"

"నాకు మాత్రం ఏం మిగిలిందత్తా?" అని రెజీనా అరిచేసింది. "ఆ పని ఆయనకొచ్చు. నాకు రాదు. నన్నేం చెయ్యమంటావు?"

పెళ్లై వచ్చినప్పటి నుంచి అత్త మీద గొంతెత్తడం అదే మొదటిసారి.

మాల్యాద్రి చేతిలో స్పానర్ కింద పెట్టాడు. "పెద్దమ్మా, పోయిన వానాకాలం ఈ బిళ్ల గురించి బెన్హర్‌కి నేనే చెప్పినా. ఏసుకోరా, రోజూ ఆ తిప్పలెందుకని. వాడేమన్నాడో తెలుసా? నా చెయ్యి ఆడినంతకాలం పాయింట్లే మాల్యాద్రీ, చెయ్యి ఆడనప్పుడు చూద్దాం అన్నాడు. ముసలోడయ్యాక సంగతిలే అనుకొని ఇద్దరం నవ్వుకున్నాం."

రెబెక్కమ్మ డెల్కోలోకి వంగి, మాడిపోయిన ఆ ముక్కలను చూపుడువేలితో తాకింది. నిద్రపోయే పిల్లవాడి చెంప తాకినట్టు తాకింది. వేలికి అంటిన మసిని తుడుచుకోలేదు.

"ఇంక ఆడదు గదా వాడి చెయ్యి," అంది. పక్కకు తప్పుకుంది. "ఏసెయ్యి నాయనా."

సాయంత్రానికి పని అయింది. బ్యాటరీకి ఛార్జి కూడా ఎక్కింది. రెజీనా తాళం తిప్పింది. ఇంజన్ ఒక్కసారికే అందుకుని, ఏ దగ్గూ లేకుండా సన్నగా మోగసాగింది. మాల్యాద్రి నవ్వబోయి, రెబెక్కమ్మ ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇంత సులువా?" అంటోంది ఆమె. "ఇంత సులువా ఇది? నా బిడ్డ ఎన్ని చలిపొద్దుల్లో దీని ముందు వంగినాడో... ఇంత సులువా?" కూలబడబోయిన ఆమెను రెజీనా దిగి వచ్చి పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పక్కన జీపు తన పాటికి తాను ఆడుతూనే ఉంది.

మరునాడు పొద్దున రెజీనా తాళం తిప్పగానే బండి సిద్ధమైపోయింది. రేవులో ఆడవాళ్లు ఎదురుచూస్తుంటారు. గేరు వేయబోతుంటే రెబెక్కమ్మ టీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఇన్నేళ్లూ బెన్హర్ పాయింట్లు రుద్దుతుంటే బానెట్ దగ్గరికి తెచ్చి ఇచ్చిన టీ అది. ఇవాళెందుకో పాత అలవాటుగా పెట్టేసినట్టుంది. కదలబోతున్న బండిని చూసి, ఆ గ్లాసు ఎవరికివ్వాలో తెలియనట్టు మెట్టు మీదే ఆగిపోయింది.

రెజీనా ఇంజన్ ఆపేసింది. దిగి వెళ్లి అత్త పక్కన మెట్టు మీద కూర్చుంది.

"నాకియ్యి అత్తా," అని గ్లాసు అందుకుని, సగం తాగి, మిగతా సగం ఆమె చేతికిచ్చింది.