గీతకు దక్షిణాన

ఓటు వేసే రోజు పొద్దున్నే ఈవర్ ముసలాయన పెళ్ళినాటి నల్లకోటు తొడుక్కుని మంచం అంచున కూర్చున్నాడు. కోడలు బోతిల్లా పాలు పితికి లోపలికి వచ్చేసరికి ఆయన గుండీలన్నీ ఒక కాజా తప్పి ఉన్నాయి.

"ఇదేం వేషం మావయ్యా? నన్ను పిలవకూడదూ?"

"ఎందుకు పిలవాలి? చేతులు బాగానే ఉన్నాయిగా. మాట విననివి కాళ్ళే."

ఆమె పాలకుండ దించి, చలికి మొద్దుబారిన వేళ్ళతోనే ఆ గుండీలన్నీ విప్పి మళ్ళీ పెట్టింది. నిజానికి ఈ ఓటుకు వెళ్ళాలని ఆమెకు లేదు. నాలుగేళ్ళ ప్రపంచ యుద్ధం తర్వాత ఏ జెండా పేరు విన్నా ఆమెకు నిద్ర ముంచుకొచ్చేది. కానీ ముసలాయన ఈ ఒక్క రోజు కోసం యాభై ఆరేళ్ళు కాచుకున్నాడు. ఇరవై రెండేళ్ళ వయసులో డ్యుబ్బోల్ గుట్ట మీద, బురద కందకాల్లో, డెన్మార్క్ రాజు కోసం పోరాడాడు. ఓడిపోయారు. ఈ దక్షిణపు నేలంతా జర్మన్ల చేతికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ ఆయన ఉన్న ఇల్లు అదే, దున్నిన పొలం అదే, రాజ్యం మాత్రం పరాయిది. ఇప్పుడు జర్మన్లు ఓడాక, ఏ రాజ్యంలో ఉంటారని జనాన్నే అడుగుతున్నారు. ఉత్తరాన ఉన్న ఊళ్ళను నెల కిందటే అడిగారు, వాళ్ళు డెన్మార్క్ అన్నారు. ఇవాళ ఫ్లెన్స్‌బోర్ పట్టణం, దాని చుట్టూ ఉన్న ఇలాంటి ఊళ్ళ వంతు.

ముసలాయన్ని కుర్చీతో సహా మోసుకెళ్ళడానికి కమ్మరి హిన్రిక్ వచ్చాడు. హిన్రిక్ ఇంట్లో జర్మన్ మాటే, పాటా జర్మనే. వాడి ఓటు ఎటో ఊరందరికీ తెలుసు.

"ఒరేయ్, నన్ను దారిలో పడేసి నా ఓటు తప్పిద్దామనా?" అన్నాడు ఈవర్.

"పడేస్తే నీ కోడలు నన్ను బతకనిస్తుందా? అయినా మీ రాజుగారిది ఎంత రాజ్యమని పెద్దాయనా! ఒకప్పుడు ఇంగ్లాండు మాది, నార్వే మాది అనేవారు. ఇప్పుడు పొద్దున బయల్దేరితే భోజనం వేళకు అవతలి సముద్రం వచ్చేస్తుందట."

"అందుకే మా రాజు తన ఇల్లు తానే ఊడ్చుకోగలుగుతున్నాడు. మీ చక్రవర్తి కైజర్ చూడు, చీపురు కూడా వదిలేసి పారిపోయాడు."

హిన్రిక్ పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే కుర్చీ ఒక పక్క ఎత్తాడు, బోతిల్లా రెండో పక్క పట్టుకుంది. దారిలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నారు.

ఓట్లు వేసే బడి గుమ్మం దగ్గర ఒక ఫ్రెంచి సైనికుడు కాపలా ఉన్నాడు. ఓటు సక్రమంగా జరగాలని గెలిచిన దేశాలవాళ్ళు పంపిన పటాలంలోవాడు. బోతిల్లా మొగుడు నిస్‌ను ఫ్రాన్సులో ఇలాంటివాడే ఎవడో కాల్చి చంపాడు. డెన్మార్క్ కోసం పోరాడిన తండ్రికి పుట్టిన నిస్, చట్టం జర్మన్ సైన్యంలోకి లాక్కెళ్తే కైజర్ కోటు తొడుక్కుని పోయి, కైజర్ కోటులోనే చచ్చిపోయాడు. ఆమె ఆ సైనికుడి మొహంలోకి చూసింది. తనలో కోపం ఎక్కడైనా ఉందా అని వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. కుర్రాడి బూట్లు తడిసి ఉన్నాయని మాత్రం గమనించింది. కుర్చీ లోపలికి పోవడానికి అతను తలుపు పట్టుకున్నాడు.

ముసలాయన ఓటు వేశాడు. బోతిల్లా కూడా డెన్మార్క్ కాగితమే కవరులో పెట్టింది. రాజు మీద ప్రేమతో కాదు, ఇంకోలా చేస్తే రేపటి నుంచి మామగారికి కాఫీ ఇస్తూ ఆయన కళ్ళలోకి చూడలేకపోతుంది కనుక.

ఫలితం చెప్పడానికి వచ్చింది కూడా హిన్రికే. టోపీ చేతిలో పట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఎంత?" అన్నాడు ముసలాయన.

"మొత్తం మీద అయిదుగురిలో నలుగురు జర్మనీ అన్నారు. మన ఊళ్ళో కూడా దాదాపు అంతే."

ఈవర్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పొయ్యిలో ఎండబెట్టిన పీటు మట్టి గడ్డలు మండుతూ చిటపటమంటున్నాయి. హిన్రిక్ వెళ్ళనూ లేక, కూర్చోనూ లేక టోపీ అంచు తిప్పుతూ ఉండిపోయాడు. గోడవైపు నుంచే ముసలాయన గొంతు వినిపించింది.

"అమ్మాయ్, వాడికి కాఫీ పొయ్యి. మొన్న నన్ను మోశాడు."

ఈస్టర్ వెళ్ళాక బోతిల్లా తమ్ముడు యోర్గన్, టింగ్లెవ్ అనే ఊరి నుంచి బండి కట్టుకుని వచ్చాడు. టింగ్లెవ్ ఉత్తరపు భాగంలో ఉంది, కాబట్టి డెన్మార్క్‌లోకి పోయింది. కొత్త సరిహద్దు గీత ఈ ఊరికి ఉత్తరంగా, మధ్యాహ్నం నడిచి వెళ్ళొచ్చేంత దూరంలో పడింది.

"అక్కా, సామాను కట్టు. నా దగ్గర గది ఉంది, ఆవులున్నాయి. ఒక్కదానివి ఈ పొలంతో ఎన్నాళ్ళు చస్తావ్?"

ఆ మాటకు బోతిల్లాకు ఏడుపు వచ్చినంత పనైంది. అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. ఆమె మామగారి వైపు చూసింది.

"రాజు నా ఇంటికి వస్తాడని కూర్చున్నా," అన్నాడు ఈవర్. "నేనే ఆయనింటికి పోయేదైతే వయసులో ఉన్నప్పుడే పోయేవాణ్ణి. అప్పుడు కాళ్ళుండేవి."

"రాజు రాలేదుగా మావయ్యా!"

"రాలేదు. అయితే?"

యోర్గన్ ఖాళీ బండితో వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి బోతిల్లా మామగారితో అవసరానికి మించి మాట్లాడలేదు. దున్నింది, విత్తింది, ఆవును ఈనించింది, ఆయన్ని కడిగింది, పక్క మార్చింది. రాత్రి పడుకుంటే నడుము తనది కానట్టుండేది.

జూలైలో డ్యుబ్బోల్ గుట్ట మీద పెద్ద పండగ అన్నారు. రాజుగారు వస్తున్నారు, పాత యుద్ధంలో పోరాడి ఇంకా బతికున్నవాళ్ళు ఎక్కడున్నా రమ్మని పిలుపు వచ్చింది. ముసలాయన వెళ్తానన్నాడు. బోతిల్లా యోర్గన్‌తో ముందే మాట్లాడుకుంది. పండగ కాగానే బండి నేరుగా టింగ్లెవ్ పోతుంది. ఒకసారి అటు వెళ్ళాక, మెత్తటి పక్క మీద పడుకున్నాక, ఆయనే ఉండిపోతానంటాడు. అందుకే చలికాలపు బట్టలతో సహా పెట్టె సర్దింది. ఆవులను చూడమని హిన్రిక్‌కు చెప్పింది, ఎన్నాళ్ళు అన్నది మాత్రం చెప్పలేదు.

గుట్ట మీద ఎక్కడ చూసినా ఎర్రటి గుడ్డ మీద తెల్ల శిలువ ఉన్న డెన్మార్క్ జెండాలే. తెల్ల గౌన్ల ఆడపిల్లలు, బాకాలు, పాటలు. రాజుగారు ఎక్కడో ముందున్నారు, జనం తలల అవతల. ఆయన టోపీ కూడా వీళ్ళకు కనిపించలేదు. పాత సైనికుల బెంచీల దగ్గర ముసలాయన్ని దింపబోతే ఆయన ఒప్పుకోలేదు.

"అటు తీసుకెళ్ళండి. ఆ చేను దగ్గరికి."

యోర్గన్ బండిని పక్కదారి పట్టించాడు. బీట్‌దుంపల చేను. దట్టంగా పెరిగిన ఆకులు ఎండకు కాస్త వాలి ఉన్నాయి. ఈవర్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇక్కడే. మా వాళ్ళు ఇక్కడే పడిపోయారు. బాగా ఏపుగా ఉంది చేను."

యోర్గన్ దిగి గుర్రం పగ్గం పట్టుకున్నాడు.

"అప్పుడు డెన్మార్క్ పెద్దవాళ్ళు జనాన్ని అడక్కుండానే ఈ నేలంతా తీసుకుందామనుకున్నారు," అన్నాడు ఆయన. "దక్షిణాన జర్మన్ మాట్లాడే జనాన్ని కూడా మావాళ్ళే అన్నారు. దానికోసం మమ్మల్ని ఈ బురదలో కూర్చోబెట్టారు. ఈసారి అడిగారు. హిన్రిక్‌ను అడిగారు, వాడు వద్దన్నాడు. వాడు వద్దన్నాక రాజు మాత్రం ఏం చేస్తాడు? ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం అప్పుడే తెలిసుంటే ఇక్కడ పడిన పిల్లలంతా ముసలివాళ్ళయ్యేవాళ్ళు."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. వాటంతటవే ఆరాయి.

తర్వాత గుడారంలో కాఫీ ఇచ్చారు. బల్ల నిండా కేకులు. కోపెన్‌హేగన్ నుంచి వచ్చిన ఒక ఆవిడ, తెల్ల చేతితొడుగులతో, అందరినీ ఆప్యాయంగా పలకరిస్తూ వడ్డిస్తోంది. బోతిల్లా నల్లబట్టలు చూసి ఆగింది.

"మీ ఆయన కూడా వీరుడేనా అమ్మా? ఎక్కడ పోయారు?"

"ఫ్రాన్సులో."

"అయ్యో! ఫ్రెంచివాళ్ళ తరఫున వెళ్ళారా?"

"కాదండీ. జర్మన్ల తరఫున."

ఆవిడ చేతిలోని పళ్ళెం కాస్త వంగింది. చెడ్డ మనిషి కాదు. "పాపం, పాపం," అని, ఒక కేకు ముక్క ఎక్కువ పెట్టి, పక్క బల్లకు వెళ్ళిపోయింది. బయట బాకాలు మళ్ళీ మొదలయ్యాయి. బోతిల్లా ఆ కేకు తినలేకపోయింది. ఇంత సంబరంలో నిస్ పేరు పెట్టడానికి జానెడు చోటు లేదనిపించింది.

బండి దగ్గరికొచ్చి తమ్ముడితో చెప్పేసింది. "మమ్మల్ని స్టేషన్లో దింపు. ఇంటికి పోతాం."

"పిచ్చెక్కిందా? అక్కడ నీకెవరున్నారు?"

"చర్చి గోడ మీద నిస్ పేరుంది. పక్కనే హిన్రిక్ కొడుకు పేరుంది. ఆ ఊళ్ళో నా మొగుడు ఎవరి తరఫున పోయాడని ఎవరూ అడగరు."

"మా ఊళ్ళో లేరా అలా పోయినవాళ్ళు? మనందరి పిల్లల్నీ లాక్కెళ్ళారుగా."

"ఉన్నారు. వాళ్ళ పేర్లు వాళ్ళ ఊళ్ళో ఉన్నాయి. నీ మీద కోపం కాదురా. ఇంకో చోట మొదటి నుంచీ చెప్పుకురావడానికి నాకు ఓపిక లేదు."

యోర్గన్ పగ్గాలు విసురుగా లాగాడు. స్టేషన్ దాకా గుర్రాన్ని తరుముతూనే ఉన్నాడు. కానీ రైలెక్కించేటప్పుడు పెట్టె తనే మోశాడు, అక్క భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి దిగిపోయాడు.

రైలు కదిలాక ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"నేను టింగ్లెవ్‌లో ఉండిపోతాననే చెప్పబోయాను. చేను చూశాక ఇంకెక్కడైతేనేం అనిపించింది. నువ్వే చెడగొట్టావ్."

బోతిల్లా ఆయన వైపు చూసింది. నెలల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది, అదీ సగమే. "ఇప్పుడైనా దిగుదామా?"

"వద్దులే. నన్ను దింపి మళ్ళీ ఎక్కించడమంటే నీకే చాకిరీ."

సరిహద్దు దగ్గర రైలు ఆగింది. కొత్త యూనిఫాం, కొత్త మీసం ఉన్న ఒక జవాను రైలు పెట్టెలోకి తొంగి చూశాడు.

"ఏ దేశం తాతా మీది?"

"ఏ సంవత్సరంలో అడుగుతున్నావ్ బాబూ?"

జవానుకు అర్థం కాలేదు. కాగితాలు చూసి, సరే పొమ్మన్నాడు. ఈవర్ కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఆయన టోపీ జారిపోతుంటే బోతిల్లా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటికి చేరేసరికి ఇక్కడ వాన పడి వెలిసింది. కోసి పరిచిన గడ్డి మొత్తం తడిసిపోయింది. ఆమె ముసలాయన్ని పడుకోబెట్టి, బట్టలు మార్చుకుని, పంగలకర్ర తీసుకుని పొలంలోకి వెళ్ళింది. ఆ ప్రాంతపు వేసవి కనుక, సాయంత్రమైనా పొద్దు ఇంకా చాలా ఉంది. ఒక అంచు నుంచి మొదలుపెట్టి, తడిసిన గడ్డిని ఎండ తగిలేలా తిరగేస్తూ పోయింది.